కొత్త బుల్లెట్, మొదటి వెయ్యి కిలోమీటర్లు: మామయ్య మాట ఎంతవరకు వినాలి?

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది కాకినాడ. ఉద్యోగం రాజమండ్రిలో, నేనూ మా ఆవిడా అక్కడే ఉంటాం, వారానికోసారి బండి మీద ఇంటికి వెళ్లొస్తాను. పదకొండు రోజుల కిందట కొత్త బుల్లెట్ 350 తీసుకున్నాను, 190 కిలోమీటర్లు తిరిగింది. రెండు వేల కిలోమీటర్ల దాకా నలభై దాటొద్దని మా మామయ్య గట్టిగా చెప్పారు, ఆయన చాలా ఏళ్లు పాత బుల్లెట్ నడిపారు. షోరూమ్‌లో అడిగితే ఇప్పటి ఇంజన్లకి అవేమీ అక్కర్లేదు, మామూలుగా నడుపుకోండి అన్నారు. మా ఫ్రెండ్ చూపించిన వీడియోలో అయితే మొదటి రోజే ఫుల్ రేజ్ ఇవ్వాలి, లేకపోతే బండికి జన్మలో పికప్ రాదు అంటున్నారు. ఎవరి మాట వినాలో తెలియక బండి ఎక్కాలంటేనే టెన్షన్‌గా ఉంది. నలభైలో వెళ్తే టాప్ గేర్‌లో బండి కొట్టుకుంటోంది. ఇంకో సంగతి, వచ్చే ఆదివారం మా ఆవిడతో మారేడుమిల్లి వెళ్దామనుకున్నాం. వెళ్లొచ్చా, ఆగమంటావా?

సమాధానం:

తమ్ముడూ, ముందు టెన్షన్ పక్కన పెట్టు. 190 కిలోమీటర్లు నెమ్మదిగా నడిపినంత మాత్రాన ఇంజన్‌కి ఏమీ అయిపోలేదు, సరిచేసుకోవడానికి ఇంకా బోలెడంత దారి ఉంది. మారేడుమిల్లి కూడా వెళ్లొచ్చు, ఎలా వెళ్లాలో కింద వివరంగా రాస్తాను. కాకపోతే నువ్వు బండి నడిపే తీరు మాత్రం ఇవాళ్టి నుంచే మారాలి.

నీ ఉత్తరంలో నాకు కంగారు పుట్టించింది మామయ్య మాటా కాదు, వీడియో మాటా కాదు. టాప్ గేర్‌లో బండి కొట్టుకుంటోంది అని చివర్లో రాశావు చూడు, అది. కొత్త ఇంజన్‌కి చేసే చెరుపుల్లో అది ముందు వరసలో ఉంటుంది, పైగా నెమ్మదిగా పోతున్నాం కదా, జాగ్రత్తగానే ఉన్నాం అనే భ్రమలో చేస్తాం కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. నీ బండి ఇంజన్ గట్టిగా లాగేది 4000 ఆర్పీఎం దగ్గర, అంటే నిమిషానికి నాలుగు వేల చుట్లు తిరిగేటప్పుడు (27 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం, అక్కడే వస్తుంది), పూర్తి పవర్ 6100 దగ్గర. ఐదో గేర్‌లో నలభై అంటే ఇంజన్ దానికి చాలా కింద తిరుగుతుంటుంది. అలాంటప్పుడు నువ్వు కాస్త రేజ్ ఇచ్చావంటే, ఏటవాలు రోడ్డు మీద నిండు బస్తాల రిక్షా తొక్కుతున్న మనిషిలా అవుతుంది దాని పరిస్థితి. ప్రతి తొక్కుడికీ ఒంటి బరువంతా వేయాలి. పిస్టన్ మీద పడే ప్రతి దెబ్బా కనెక్టింగ్ రాడ్ మీదుగా కింద బేరింగ్ మీదికి దిగుతుంది. ఆయిల్ పంపు కూడా ఇంజన్‌తో పాటే తిరిగేది కాబట్టి, ఇంజన్ నెమ్మదిగా తిరిగినప్పుడు ఆయిల్ ప్రెజరూ తక్కువే ఉంటుంది. దెబ్బ ఎక్కువా, ఆయిల్ తక్కువా. కొత్త ఇంజన్‌కి అంతకంటే కష్టం ఏం కావాలి?

నీ బండికి ఆర్పీఎం మీటర్ లేదు కాబట్టి చెవినీ చేతినీ నమ్ముకోవాలి. హ్యాండిల్‌లో, ఫుట్‌రెస్ట్‌లో దడదడ మొదలై, రేజ్ ఇచ్చినా బండి వెంటనే కదలకుండా మూలిగినట్టు అయితే ఒక గేర్ తగ్గించెయ్. నలభైలో పోతుంటే మూడో గేర్, యాభై దగ్గర నాలుగు, అరవైకి దగ్గరవుతున్నప్పుడే ఐదు. ఇవి నేను పాటించే లెక్కలు. నీ బండితో ఇచ్చిన పుస్తకంలో రన్నింగ్-ఇన్ గురించి, అంటే కొత్త ఇంజన్‌ని మొదట్లో ఎలా నడపాలో రాసి ఉంటుంది, అది తీసి చదువు, దానికీ నేను చెప్పిన అంకెకీ తేడా వస్తే పుస్తకంలో ఉన్నదే ఖాయం చేసుకో. కొత్త బండి కొన్న పది మందిలో ఒక్కరైనా ఆ పుస్తకం తెరిచి ఉంటారా అని నా అనుమానం, సీటు కిందో సైడ్ బాక్సులోనో కవర్ కూడా విప్పకుండా ఉండిపోతుంది పాపం.

ఇప్పుడు అసలు రన్నింగ్-ఇన్ అంటే లోపల ఏం జరుగుతుందో చెప్తాను, అది తెలిస్తే ముగ్గురి మాటల్లో ఎవరిది ఎంత నిజమో నీకే తెలిసిపోతుంది. ఎప్పుడైనా వీలైతే బోరు కొట్టే లేత్ షాపుకి వెళ్లి, అప్పుడే హోనింగ్ చేసి, అంటే లోపలి గోడని రాళ్లతో సన్నగా గీరి, బల్ల మీద పెట్టిన సిలిండర్‌ని చేతిలోకి తీసుకుని వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూడు. లోపలి గోడ అద్దంలా ఉంటుందనుకుంటాం కానీ ఉండదు. సన్నటి గీతలు ఏటవాలుగా అటూ ఇటూ ఒకదాన్నొకటి దాటుకుంటూ గోడంతా ఇంటూ గుర్తుల్లా కనిపిస్తాయి. గోరు పెట్టి పైకీ కిందికీ గీస్తే సన్నటి గరుకు తగులుతుంది. ఆ గీతలు కావాలని పెట్టినవే. వాటి లోతుల్లో ఆయిల్ నిలుస్తుంది, వాటి అంచుల మీద పిస్టన్ రింగులు రాసుకుంటాయి. కొత్తలో రింగు అంచూ గోడా ఒకదానికొకటి పూర్తిగా అతకవు. రెండూ కలిసి కొద్దికొద్దిగా అరిగి, గీతల కొనలు మాత్రమే చదునై, లోతులు మిగిలిపోతే, అప్పుడు రింగు గోడకి సందు లేకుండా కూర్చుంటుంది. పైన మండే గ్యాస్ కిందికి దిగదు, కింద ఉన్న ఆయిల్ పైకి ఎక్కదు. మనం రన్నింగ్-ఇన్ అని పిలుచుకునేది ముఖ్యంగా ఇదే. గేర్ పళ్లు, క్లచ్ ప్లేట్లు, క్యామ్‌షాఫ్ట్ కూడా ఈ రోజుల్లోనే సర్దుకుంటాయి కానీ, ఒకసారి చెడితే ఇంజన్ విప్పితే గానీ బాగుకానిది మాత్రం రింగుల దగ్గరే.

రింగుని గోడకి అదిమేది ఏమిటో కూడా తెలుసుకోవాలి. రింగుకి స్ప్రింగులా కొంత సాగే గుణం ఉంది కానీ అది చాలదు. పెట్రోల్ మండినప్పుడు పుట్టే గ్యాస్ రింగు వెనక ఉన్న సందులోకి దూరి, దాన్ని లోపలి నుంచి బయటికి తోస్తుంది. నువ్వు రేజ్ ఎంత ఇస్తే అంత తోపు. అంటే రింగు కూర్చోవాలంటే ఇంజన్ మీద కొంత బరువు పడాల్సిందే. మరీ సుతారంగా, ఎప్పుడూ పావు రేజ్ లోపే నడిపితే ఆ తోపు సరిపోక గీతల కొనలు అరగవు, గోడ మీది ఆయిల్ పొర మెల్లమెల్లగా మాడి గట్టిపడి, బాణలికి పట్టిన నూనె జిడ్డులా గీతలన్నీ పూడిపోతాయి. ఒకసారి అలా పూడిందంటే తర్వాత నువ్వు ఎంత బాగా నడిపినా రింగు జారుతూనే ఉంటుంది. అలాగని కొత్తలోనే ఫుల్ రేజ్ ఇచ్చి పావుగంట పట్టి ఉంచితే రాపిడికి వేడి ఎక్కువై, ఆయిల్ పొర తెగి, లోహం మీద లోహం గీసుకుపోతుంది. ఆ గీతలు మనకి కావాల్సిన గీతలు కావు.

ఈ జిడ్డు పట్టడం నేను కళ్లారా చూశాను. మా తోడల్లుడు 125 సీసీ బండి ఒకటి కొన్నాడు, బండిని ప్రాణంలా చూసుకునే మనిషి. ఆయనకీ ఎవరో ఇదే చెప్పారు, నలభై దాటొద్దని. రెండున్నర వేల కిలోమీటర్ల దాకా టాప్ గేర్‌లో ముప్పై ఐదు, నలభై మధ్యే నడిపాడు, ఇల్లు నుంచి ఆఫీసు మూడు కిలోమీటర్లు, మళ్లీ వెనక్కి. ఆరు నెలలు తిరిగేసరికి పొద్దున స్టార్ట్ చేస్తే సైలెన్సర్ నుంచి నీలం పొగ, నెలకోసారి ఆయిల్ తగ్గిపోవడం. ఇంజన్ విప్పిన రోజు నేనూ వెళ్లాను. మెకానిక్ సిలిండర్ బయటికి తీసి, గుడ్డతో తుడిచి, లోపల బొటనవేలు తిప్పి, ఏమీ మాట్లాడకుండా నా చేతికి ఇచ్చాడు. గాజు గ్లాసు లోపల వేలు పెట్టినట్టుంది. గీత అన్నది ఒక్కటి లేదు, అక్కడక్కడ తేనె రంగు మరకలు తప్ప. మళ్లీ హోనింగ్ చేయించి, రింగులు కొత్తవి వేయిస్తే గానీ పొగ ఆగలేదు. అంత ప్రేమగా చూసుకున్న బండికి అలా జరిగితే మనసుకి ఎంత కష్టంగా ఉంటుందో ఆయన మొహంలో చూశాను, అందుకే నీ ఉత్తరం చదవగానే ఇంత పెద్ద సమాధానం రాస్తున్నాను.

మామయ్యగారి మాట దగ్గరికి వద్దాం. ఆయన తప్పు చెప్పలేదు, తన బండికి సరైనదే చెప్పారు. ఆయన నడిపిన పాత బుల్లెట్ 346 సీసీ, పోత ఇనుప సిలిండర్, నాలుగు గేర్లు, గేర్ కుడికాలి కింద, బ్రేక్ ఎడమకాలి కింద. ఆ ఇనుప ఇంజన్ దాదాపు 2010 దాకా వచ్చింది. అప్పటి కోత యంత్రాల పనితనానికీ ఇప్పటి పనితనానికీ చాలా తేడా, పైగా పోత ఇనుము వేడిని త్వరగా వదలదు. కొత్తలో తొందరపడి తోలితే పిస్టన్ ఉబ్బి సిలిండర్‌లో పట్టేయడం, అదే సీజ్ అవడం, ఆ తరం వాళ్లు రోడ్డు పక్కన నిలబడి అనుభవించినవాళ్లే. బంకులో టూటీ ఆయిల్ కొట్టించుకుని తిరిగిన టూ-స్ట్రోక్ బళ్ల వాళ్లకీ అదే భయం ఉండేది. ఆ జాగ్రత్తే ఆయన నీకు అందిస్తున్నారు. అందులో నువ్వు తీసుకోవాల్సింది ఓపిక. వదిలేయాల్సింది నలభై అనే అంకె.

షోరూమ్ వాళ్ల మాటలో కూడా కొంత నిజం ఉంది. ఇప్పటి సిలిండర్ గోడలు ఫ్యాక్టరీలోనే చాలా నున్నగా, దాదాపు సగం పని అయిపోయినట్టు వస్తాయి, కాబట్టి మిగతా సర్దుబాటు చాలావరకు మొదటి కొన్ని వందల కిలోమీటర్లలోనే అయిపోతుంది. కానీ ఏమీ అక్కర్లేదు అనడం తప్పు. నిజంగానే అక్కర్లేకపోతే కంపెనీ పుస్తకంలో రన్నింగ్-ఇన్ గురించి ఎందుకు రాస్తుంది, ఐదు వందల కిలోమీటర్లకే పిలిచి ఆయిల్ ఎందుకు మారుస్తుంది?

ఇక వీడియో. రింగు కూర్చోవాలంటే బరువు పడాలి అన్న వాళ్ల మాట నిజమే, పైన నేను చెప్పింది అదే. కానీ ఆ పద్ధతి రేసుల వాళ్లది. వాళ్లు కొద్ది కిలోమీటర్లకే ఆయిల్ పారబోస్తారు, అవసరమైతే ఇంజన్ విప్పి చూసుకుంటారు, అది మూడు సీజన్లు బతికితే వాళ్లకి చాలు. నీకు ఈ బండి పదిహేనేళ్లు ఉండాలి. పైగా కొత్త టైరు మీద అచ్చు నుంచి వచ్చిన నునుపు ఉంటుంది, కొత్త బ్రేక్ ప్యాడ్లు డిస్క్‌కి పూర్తిగా అతకవు. అలాంటి బండి మీద మొదటి రోజే ఫుల్ రేజ్ ఇమ్మని కొత్తవాళ్లకి చెప్పడం నాకు అసలు నచ్చదు. ఇంజన్ పోతే డబ్బుతో పోతుంది, బండి జారి పడితే దెబ్బ మనిషికి.

నువ్వు చేయాల్సింది ఏమిటంటే, ఏ స్పీడ్‌లోనూ బండిని నిలకడగా ఉంచకు. లేచి, తగ్గి, మళ్లీ లేచి, ఇలా సాగాలి. మూడో గేర్‌లో ముప్పై నుంచి సగం రేజ్‌తో యాభై దాకా తీసుకెళ్లు, రేజ్ పూర్తిగా వదిలి అదే గేర్‌లో మళ్లీ ముప్పై ఐదుకి పడనివ్వు, క్లచ్ పట్టకు. నాలుగో గేర్‌లోనూ అలాగే, నలభై ఐదు నుంచి అరవై దాకా, మళ్లీ వెనక్కి. రేజ్ ఇచ్చినప్పుడు రింగు గోడకి అదుముకుంటుంది, వదిలినప్పుడు సిలిండర్‌లో పీల్పు ఏర్పడి గోడ మీదికి కాస్త ఆయిల్ చేరుతుంది, వేడి తగ్గుతుంది. ఐదు వందల కిలోమీటర్ల దాకా అరవై, అరవై ఐదు దాటొద్దు, సగం రేజ్ మించొద్దు. తర్వాత వెయ్యి దాకా ముప్పావు రేజ్, అప్పుడప్పుడు డెబ్బై ఐదు, ఎనభై తాకించి మళ్లీ దించెయ్, అక్కడే పట్టి ఉంచకు.

దీనికి నీకు ప్రత్యేకంగా రోడ్డు వెతుక్కోవాల్సిన పని లేదు, వారం వారం కాకినాడ వెళ్లే దారే చాలు. నువ్వు ఇప్పటిదాకా హైవే ఎక్కి రాజానగరం నుంచి పెద్దాపురం మీదుగా ఏడీబీ రోడ్డులో వెళ్తుంటే, ఈ నెల రోజులు కెనాల్ రోడ్డు పట్టు. ద్వారపూడి, అనపర్తి, బిక్కవోలు, సామర్లకోట, నాలుగు కిలోమీటర్లకో ఊరు, ఊరికో స్పీడ్ బ్రేకర్, ధాన్యం లారీ అడ్డం రావడం, పశువులు దాటడం. మామూలు రోజుల్లో మనం విసుక్కునే దారి అది, కానీ కొత్త ఇంజన్‌కి గురువు లాంటిది. నువ్వు లెక్కలు పెట్టుకోకుండానే గేర్లు మారుతూ, స్పీడ్ లేస్తూ తగ్గుతూ ఉంటుంది. హైవే మీద అయితే తెలియకుండానే ఒకే రేజ్‌లో చెయ్యి బిగుసుకుపోయి అరగంట అలాగే పోతాం. ట్రాఫిక్ లేకుండా ఉండాలంటే పొద్దున ఆరింటికల్లా బయల్దేరు, కాలవ మీద గాలి కూడా చల్లగా ఉంటుంది.

రాజమండ్రి ఊళ్లో తిరుగుళ్ల గురించి కూడా ఒక మాట. ఇంటి నుంచి ఆఫీసుకి రెండు కిలోమీటర్లే అనుకో, ఇంజన్ పూర్తిగా వేడెక్కకముందే ఆపేస్తావు. లోపల చేరిన తేమ ఆవిరైపోయే వీలుండదు, ఆయిల్‌లో కలుస్తుంది. వారంలో రెండు సార్లయినా సాయంత్రం పూట ఇరవై, ముప్పై కిలోమీటర్లు అలా తిరిగి రా. పొద్దున స్టార్ట్ చేశాక అర నిమిషం, మహా అయితే నిమిషం ఆగి, మొదటి రెండు కిలోమీటర్లు తేలిగ్గా నడుపు. స్టాండ్ మీద పెట్టి పది నిమిషాలు అలా వదిలేయడం, గుర్రుగుర్రుమని రేజ్ ఇవ్వడం రెండూ వద్దు. నీ ఇంజన్ చల్లబడేది ముఖ్యంగా గాలితోనే, నిలబెట్టి ఉంచితే గాలి ఎక్కడి నుంచి వస్తుంది? సిగ్నల్ దగ్గర నిమిషం పైన ఆగాల్సి వస్తే ఆపేయడమే మేలు, మన ఎండల్లో మరీను.

మొదటి సర్వీసు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే రన్నింగ్-ఇన్‌లో సగం అదే. నీ బండికి 500 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది, 490కి ఇచ్చినా పర్లేదు కానీ తీరిక దొరకలేదని 900 దాకా లాగకు. రింగులూ గోడా అరిగిన పొడి, గేర్ పళ్ల నుంచి రాలిన నలుసు, అంతా ఆ ఆయిల్‌లోనే ఉంటుంది. పాత ఆయిల్ దింపుతున్నప్పుడు దగ్గర నిలబడి చూడు. ట్రేలో పడ్డ ఆయిల్‌ని ఎండలో చూస్తే వెండి పొడి కలిపినట్టు సన్నగా తళతళలాడుతుంది. చాలామంది అది చూసి హడలిపోతారు, అది మామూలే, మొదటిసారి అలాగే ఉండాలి. డ్రెయిన్ ప్లగ్‌కి అయస్కాంతం ఉంటే దాని కొసన నల్లటి మెత్తటి ముద్ద కాటుకలా అంటుకుని ఉంటుంది. రెండు వేళ్ల మధ్య నలిపి చూడు. కాటుకలా జారిపోతే మంచిదే. ఇసకలా గరగరమన్నా, కంటికి కనిపించే ముక్కలో పెచ్చులో ఉన్నా అక్కడే మెకానిక్‌కి చూపించి, ఫోటో తీసుకుని, సర్వీసు కార్డులో రాయించుకో.

దగ్గర నిలబడమని ఊరికే చెప్పడం లేదు. నా ఇంతకుముందు బండికి మొదటి సర్వీసు చేయించినప్పుడు నేను కాగితాల మీద సంతకం పెట్టి ఆఫీసుకి వెళ్లిపోయాను. సాయంత్రం బిల్లులో ఆయిల్ ఉంది, ఫిల్టర్ ఉంది, డబ్బు కట్టాను. ఇంటికొచ్చి చూస్తే, ఇంజన్ లోపలి ఆయిల్ కనిపించే చిన్న గాజు కిటికీలో పొద్దున ఉన్న నల్లటి ఆయిలే. మర్నాడు వెళ్లి అడిగితే మర్చిపోయామండీ అన్నారు. అప్పటి నుంచి నేను చేసే పని ఒకటే. బండి ఇచ్చే ముందు ఇంజన్ కుడివైపు కింద ఉన్న ఆయిల్ గాజుని ఫోన్‌తో ఫోటో తీసుకుంటాను, తీసుకునేటప్పుడు మళ్లీ చూస్తాను. కొత్త ఆయిల్ తేనె రంగులో ఉంటుంది, గుర్తుపట్టడం కష్టం కాదు. తీసేసిన పాత ఫిల్టర్ చూపించమని అడుగు. గొడవ పెట్టుకోకు, మర్యాదగా అడిగితే చూపిస్తారు, అడిగే మనిషి బండిని వాళ్లూ జాగ్రత్తగా చేస్తారు.

ఆయిల్ 15డబ్ల్యూ-50 సెమీ సింథటిక్, డబ్బా మీద జాసో ఎంఏ2 అని ఉండాలి, ఆయిల్‌లో మునిగే క్లచ్ ఉన్న బళ్లకి పనికొస్తుందని చెప్పే గుర్తు అది. నీ బండిలో క్లచ్ కూడా అదే ఆయిల్‌లో మునిగి ఉంటుంది, అందుకని కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారుతుంది. ఫుల్ సింథటిక్ పోయిస్తే ఇంకా స్మూత్ అవుతుందని, ఇంజన్‌లో ఫలానా సీసా కలిపితే మైలేజీ పెరుగుతుందని అంటారు. ఏదీ వద్దు. పుస్తకంలో రాసిన ఆయిల్, రాసినంత కొలత, అంతే. చైన్ టైట్ కూడా ఆ రోజే చూపించుకో, కొత్త చైన్ మొదట్లో సాగుతుంది.

ఇక మారేడుమిల్లి. వెళ్లు తమ్ముడూ, హాయిగా వెళ్లిరా. రాజమండ్రి నుంచి గోకవరం, రంపచోడవరం మీదుగా ఎనభై ఐదు కిలోమీటర్ల పైచిలుకు, రానూపోనూ నూట డెబ్బై. ఆదివారానికి నీ మీటర్ 250 దగ్గర ఉంటుందనుకుంటే తిరిగొచ్చేసరికి 420 దాటుతుంది, సర్వీసుకి ఇంకా ముందే. రంపచోడవరం దాటాక మలుపులు, చిన్న ఎత్తులు, పల్లాలు, ఇంజన్‌కి కావాల్సింది సరిగ్గా అలాంటి రోడ్డే. కానీ మారేడుమిల్లి దగ్గర ఆగిపో. అక్కడి నుంచి చింతూరు వైపు దిగే ఘాట్ చూడాలని మనసు లాగుతుంది, ఇద్దరు మనుషుల బరువుతో ఆ ఎక్కుడు దిగుడు సర్వీసు అయ్యాక పెట్టుకో, అడవి ఎక్కడికీ పోదు.

పొద్దున్నే బయల్దేరు. గోకవరంలో టీకి ఆగు, రంపచోడవరంలో మళ్లీ పావుగంట ఆగి ట్యాంకు అక్కడే నింపుకో. మనం అలిసిపోయామని కాదు, నలభై, నలభై ఐదు కిలోమీటర్లకోసారి ఇంజన్‌ని చల్లారనివ్వాలి. ఆపిన తర్వాత టిక్ టిక్ అని చప్పుడు వస్తే భయపడకు, వేడెక్కిన లోహం చల్లారుతున్న చప్పుడు అది. సైలెన్సర్ నుంచి కొంచెం మాడు వాసన, పైపు రంగు మారడం కూడా కొత్తలో మామూలే. ఎత్తు ఎక్కేటప్పుడు బండి మూలగకముందే గేర్ తగ్గించు, అడుగున దడదడ వచ్చాక కాదు. దిగేటప్పుడు న్యూట్రల్ చేసి జారనివ్వకు, పెట్రోల్ మిగులుతుందని కొందరు చేస్తారు, చాలా ప్రమాదం. మూడో గేర్‌లో పెట్టి రేజ్ వదిలితే ఇంజనే పట్టి ఉంచుతుంది, బ్రేకులు వేడెక్కవు, రింగులకీ మంచిదే. మీ ఆవిడకి కూడా ఒక హెల్మెట్ కొను, ఇంకా కొనకపోతే. పెద్ద బ్యాగులు కట్టకు, ఒక చిన్న బ్యాగు చాలు. బొంగు చికెన్ తిని, నాలుగింటికల్లా వెనక్కి తిరుగు, ఆ రోడ్డులో చీకటి పడ్డాక కొత్త బండితో రావడం నాకిష్టం లేదు.

మైలేజీ గురించి ఇప్పుడే లెక్కలు కట్టకు. మొదటి రెండు మూడు ట్యాంకులు తక్కువే వస్తుంది, రింగులు కూర్చున్నాక పెరుగుతుంది. నువ్వు గమనించాల్సింది ఆయిల్. ప్రతి ఆదివారం పొద్దున, సెంటర్ స్టాండ్ వేసి, పుస్తకంలో చెప్పినట్టు కాసేపు ఇంజన్ నడిపి ఆపి, కొన్ని నిమిషాలాగి గాజులో చూడు. రెండు గీతల మధ్య ఉండాలి. వారం వారం కిందికి దిగుతున్నా, వేడెక్కాక కూడా నీలం పొగ వస్తున్నా, లోపల సుత్తితో కొట్టినట్టు చప్పుడు వినిపించినా ఆగకుండా చూపించు, అదంతా వారంటీలోనే జరగాలి.

మామయ్యగారితో వాదన పెట్టుకోవద్దు. ఒకరోజు ఆయన్నే వెనక కూర్చోబెట్టుకుని సామర్లకోట దాకా తీసుకెళ్లు, మూడో గేర్‌లో నలభై, ఐదో గేర్‌లో నలభై, రెండూ ఆయన వింటుండగా నడిపి చూపించు. అన్నేళ్లు బుల్లెట్ నడిపిన చెవి, ఏది ఇంజన్‌కి హాయిగా ఉందో మనకంటే ముందు ఆయనకే తెలుస్తుంది. మారేడుమిల్లి నుంచి వచ్చాక మీటర్ ఎంత ఉందో, గాజులో ఆయిల్ ఎక్కడ ఉందో రాయి, సర్వీసుకి ముందు ఇంకేమైనా చూసుకోవాలంటే అప్పుడు చెప్తాను.